జ్వరం వచ్చిన ప్రతిసారీ మూతి ఎందుకు పేలుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు జ్వరం వచ్చినా, రెండు రోజులు నిద్ర లేకపోయినా కింది పెదవి పక్కన సరిగ్గా అదే చోట నీటి పొక్కులు లేస్తాయి. మా అత్తయ్య జ్వరం పేలిందంటారు, స్కిన్ డాక్టరేమో హెర్పిస్ అన్నారు. ఆ పేరు విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. నా ఒంట్లో ఇమ్యూనిటీ లేదా? ఆ వైరస్‌ని కనిపెట్టలేకపోతోందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇమ్యూనిటీ లేకపోతే ఆ పొక్కులు వారం పది రోజుల్లో వాటంతటవే ఎండిపోవమ్మా. పేరు చూసి కంగారు పడకండి, ప్రపంచంలో 50 ఏళ్లలోపు వాళ్లలో సగం మందికి పైగా ఈ హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం ఉంది. చాలామందికి చిన్నప్పుడే ఏ పెద్దవాళ్ల ముద్దుతోనో అంటుకుంటుంది.

ఇక కనిపెట్టడం అంటారా, మన కణాలు ఆ పని భలేగా చేస్తాయి. దేవుడి గదిలో చెప్పుల జత కనిపిస్తే అవి ఎవరివో తెలియకముందే అరుస్తాం కదా, ఇదీ అంతే. కణంలో డీఎన్ఏ ఉండాల్సింది కేంద్రకంలో, కొంచెం మైటోకాండ్రియాలో. ఈ వైరస్‌దీ డీఎన్ఏనే కాబట్టి, దాని పెంకు పగిలి అది కేంద్రకం బయటుండే కణద్రవంలో పడిందంటే సీగ్యాస్ అనే ప్రోటీన్ వచ్చి అతుక్కుంటుంది, స్టింగ్ అనే ఇంకో ప్రోటీన్‌ని లేపుతుంది, దాంతో ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ బయటికొస్తుంది. ఇంటర్‌ఫెరాన్‌ని 1957లోనే కనుక్కున్నారు గానీ ఈ సీగ్యాస్ సంగతి బయటపడింది మాత్రం 2013 ప్రాంతంలోనే. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ని నేరుగా చంపదు, పక్క కణాలకు కబురు పెడుతుంది, అవి వైరస్ దూరినా పెరగకుండా సర్దుకుంటాయి. ఈలోపు ఎన్‌కే (నేచురల్ కిల్లర్) అనే తెల్ల రక్తకణాలొచ్చి పాడైన కణాలను చంపేస్తాయి.

ఈ ఏర్పాటులో నిజంగా లోపముంటే పెదవి మీద పొక్కుతో ఆగదు. టీఎల్ఆర్3 అనే ఇంకో సెన్సర్ పుట్టుకతోనే సరిగా లేని కొందరు పిల్లల్లో ఇదే వైరస్ మెదడుకు పాకి మెదడువాపు తెచ్చిందని 2007లో తేలింది. అది చాలా అరుదు, మీ సంగతి అది కాదు.

మరి మళ్లీ మళ్లీ ఎందుకొస్తుంది? మొదటిసారే అది నరం వెంట పైకి పాకి, చెవి ముందు భాగంలో పుర్రె లోపలుండే నాడీకణాల ముడిలో దాక్కుంది. అక్కడ ప్రోటీన్లు దాదాపు తయారు చేయకుండా, డీఎన్ఏని చుట్టచుట్టుకుని పడుకుంటుంది, అలికిడే లేకపోతే సెన్సర్లకు ఏం దొరుకుతుంది చెప్పండి! జ్వరం, ఎండ, నిద్రలేమి దాన్ని లేపుతాయి, అప్పుడు అదే నరం వెంట కిందికి దిగుతుంది, అందుకే ప్రతిసారీ అదే చోటు.

పెదవి చిమచిమలాడడం మొదలైన రోజే డాక్టర్ని అడిగి ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు వాడితే త్వరగా మానుతుంది, పొక్కులు తేలాక వాడితే పెద్దగా లాభం ఉండదు. పొక్కులున్నన్నాళ్లు చంటిపిల్లల్ని ముద్దాడకండి, వాటిని ముట్టుకున్న చేత్తో కన్ను నలపకండి. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే మాత్రం అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.