కొత్త మందుకూ లొంగని ఊద

ప్రశ్న: వరిలో ఊద గడ్డి మీద బిస్‌పైరిబాక్ సోడియం అనే కలుపు మందు పనిచేయడం మానేసింది. ఇంతకుముందెప్పుడూ వాడని మరో రకం మందు కొట్టినా కొన్ని మొక్కలు పసుపు రంగుకు తిరిగి, రెండు వారాల్లో మళ్లీ పచ్చబడ్డాయి. మందు నకిలీదా?

జవాబు: అదే పిచికారీలో చచ్చిన ఊద పక్కనే బతికిన ఊద ఉంటే ముందు అనుమానించాల్సింది మందును కాదు, మొక్కను. మందు పట్టుకోవాల్సిన ఎంజైము రూపం మారడం ఒక రకం నిరోధకత. మీరు చెప్పిన లక్షణాలు రెండో రకంలా ఉన్నాయి: మందు అక్కడికి చేరేలోపే మొక్క దాన్ని విరిచేస్తుంది. సైటోక్రోమ్ పి450 ఎంజైములు మందు అణువుకు ఆక్సిజన్ తగిలిస్తాయి, ఆపై గ్లూకోజో, గ్లూటాథయోన్ అనే చిన్న అణువో దానికి అతుక్కుంటుంది, చివరికి అది కణంలోని రిక్తిక అనే నిల్వ సంచిలోకి పోతుంది. చాలా మందులను వరి తట్టుకునేదీ ఇలాగే. ఊద కూడా గడ్డిజాతే కాబట్టి అదే పనిముట్టు దానికీ ఉంది.

ఈ ఎంజైములకు మందు పాతదా కొత్తదా అన్నది పట్టదు. ఊద జాతుల్లో ఒకటైన ఎకినోక్లోవా ఫిల్లోపోగాన్‌లో సీవైపీ81ఏ12, సీవైపీ81ఏ21 అనే రెండు జన్యువుల జోరు పెరిగితే చాలు, ఏఎల్ఎస్‌ను (అమైనో ఆమ్లాలు తయారుచేసే ఎంజైము) ఆపే బిస్‌పైరిబాక్ లాంటి మందులతోపాటు ఏసీసీఏజ్‌ను (కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఎంజైము) ఆపే కొన్ని మందులూ వీగిపోతాయి. అందుకే మందు మార్చినంత మాత్రాన ఫలితం రాకపోయి ఉండొచ్చు.

ప్రశ్న: మోతాదు తగ్గించి కొట్టడం వల్లే ఇలా అయిందా?

జవాబు: అది పెద్ద కారణం కావచ్చు. లోలియం రిజిడమ్ అనే గడ్డిపై ఆస్ట్రేలియాలో డైక్లోఫాప్ అనే కలుపు మందును తక్కువ మోతాదుల్లో వాడి, బతికినవాటి విత్తనాన్నే మళ్లీ పెంచితే మూడు తరాల్లోనే నిరోధకత వచ్చింది. అది పరపరాగ సంపర్క మొక్క కనుక చిన్న చిన్న బలాలు త్వరగా పోగుపడ్డాయి. ముదిరిన ఊద మీద కొడితే పూర్తి మోతాదు కూడా తక్కువ మోతాదు కిందికే వస్తుంది. 2–3 ఆకుల దశ దాటనీయకండి.

ప్రశ్న: ఇంట్లో తేల్చుకోవచ్చా?

జవాబు: బతికిన మొక్కల విత్తనం, ఎన్నడూ మందు తగలని చోటి విత్తనం విడిగా సేకరించండి. తాజా గింజ నిద్రావస్థలో ఉంటుంది, కొన్ని నెలలు ఆరనివ్వాలి. ఒక్కో రకానికి నాలుగు కుండీల గుంపులు పెట్టండి: ఏదీ కొట్టనిది, కలుపు మందు మాత్రమే, మలాథియాన్ (పి450లను ఆపగల పురుగుమందు) మాత్రమే, మలాథియాన్ కొట్టిన గంటకు కలుపు మందు. 21 రోజులకు లెక్కించండి. బతికిన మొక్కల విత్తనంలో నాలుగో గుంపు ఒక్కటే చస్తే పి450ల పని. చావకపోయినా అనుమానం తీరదు, మలాథియాన్ అన్ని ఎంజైములనూ ఆపలేదు. పొలంలో మాత్రం ఈ జోడీ వద్దు, వరి రక్షణ కూడా పోతుంది.

ఈలోగా బతికిన ప్రతి మొక్కనూ గింజ రాలకముందే పీకి, బయట పారేయండి.