క్షయ కథకు డబ్బు అడగబోయే ముందు

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన బడ్జెట్ కాగితం చదివాను. క్షయ మీద బుర్రకథ కట్టించి ఇరవై ఊళ్లు తిప్పాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. బడ్జెట్ మాత్రం నచ్చలేదు. మైకు సెట్టు, వ్యాను, ఫ్లెక్సీలు, కరపత్రాలు అన్నీ లెక్క వేశావు. కథ అయిపోయాక జరగాల్సిన పనికి ఒక్క రూపాయి కూడా వేయలేదు.

మేమూ అలాగే చేశాం. ఒక ఊళ్లో కథ ముగిసేసరికి రాత్రి పదకొండయింది. జనం చాపలు చుట్టుకుని వెళ్లిపోయారు. మేం గుమ్మెటలు గుడ్డలో కడుతుంటే ఒకావిడ వేపచెట్టు పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కథకుడి పక్కన నిలబడి హాస్యం చెప్పే వంతను పిలిచింది. "కథలో ఆ పిల్లకి కంచం, గ్లాసు వేరే పెట్టారు కదయ్యా. మా ఇంట్లో నాకూ అంతే. మందులు అయిపోతే మళ్లీ కలుపుకుంటారా?" అని అడిగింది. మా వాడు నోరు తెరిచేలోపు వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. పొద్దున్నే ఇంకో ఊరు. క్షయ దగ్గు, తుమ్ముల తుంపర్లతో గాలిలో వచ్చేదే గాని కంచాలతో, గ్లాసులతో రాదని ఆ ఇంటివాళ్లకు కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఒక్కరుంటే చాలు. అక్కడ ఇంకో పూట ఆగడానికి మా దగ్గర డబ్బుల్లేవు. జవాబు చెప్పకుండానే వచ్చేశాం. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అందుకే ఇరవై వద్దు, ఎనిమిది ఊళ్లు చాలు. ఒక్కో ఊళ్లో రెండు రోజులు ఉండండి. రాత్రి కథ చెప్పండి. మర్నాడు పొద్దున దళం వాళ్లు, ఆశా కార్యకర్త, జబ్బు నయమైన మనిషి ఒకరు రచ్చబండ దగ్గర కూర్చోవాలి. తెమడ పరీక్ష డబ్బాలు అక్కడే ఉండేలా పీహెచ్‌సీ డాక్టరుతో ముందే మాట్లాడు. పరీక్షలు, మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. తిండి కోసం రోగికి నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు. వాటికి నువ్వు చందాలు అడగక్కర్లేదు. నువ్వు అడగాల్సింది మనుషుల రోజులకు. మన కథకుడూ, వంతలిద్దరూ కూలికి వెళ్లేవాళ్లు. పది రోజులు రిహార్సల్ అంటే పది రోజుల కూలి పోయినట్టే. ఆ కూలి కూడా బడ్జెట్‌లో రాయి. కళాసేవ అని పేరు పెట్టి వాళ్ల పొట్ట కొట్టకూడదు.

ఇక ఎవరిని అడగాలి? 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు, అంటే సమాజానికి పనికొచ్చే పనులకు ఖర్చు పెట్టాలి. ఆ పనుల జాబితాలో సంప్రదాయ కళలూ ఉన్నాయి, ఆరోగ్యమూ ఉంది. నువ్వు ఆరోగ్యం కిందే అడుగు. కళల కింద అడిగితే వాళ్లకు ఉత్సవం, స్టేజీ, శాలువాలే గుర్తొస్తాయి. అయితే సీఎస్ఆర్ డబ్బు తీసుకునే సంఘానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ, 80జి, కంపెనీల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల అనుభవం ఉండాలి. మీ సంఘం పెట్టి ఏడాదేగా. ఇవన్నీ ఉన్న పాత సంఘంతో కలిసి దరఖాస్తు పెట్టుకో.

అమెరికాలో ఉన్న మన ఊరివాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే పర్వాలేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఎంత దగ్గరి బంధువులైనా వాళ్ల విరాళం చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా పైసా కూడా ముట్టుకోవద్దు. మొహమాటపడకుండా, ఏ పాస్‌పోర్టు ఉందో ముందే అడిగెయ్.

ఊరి ఆరోగ్య, పారిశుధ్య కమిటీకి ఏడాదికి 10,000 దాకా నిధి ఉంటుంది. చిన్న మొత్తమే. అయినా సర్పంచ్‌నీ ఏఎన్ఎంనీ అడుగు. అందులోంచి వెయ్యి ఇచ్చినా సరే, ఆ ఊరివాళ్లు కథను తమది అనుకుంటారు.

సిగరెట్లు, గుట్కా, మద్యం అమ్మేవాళ్ల డబ్బు ఎంతిచ్చినా వద్దు.

సగం డబ్బు ముందే అడుగు. ఒక కంపెనీ మాకు ఆఖరి వాయిదా ఎనిమిది నెలలు ఆలస్యంగా ఇచ్చింది. కళాకారుల కూలి కోసం నేను వడ్డీకి తెచ్చాను. ఇంకో సంగతి, "క్షయ తగ్గిస్తాం" అని దరఖాస్తులో రాయకు. పొద్దున ఎంతమంది వచ్చి కూర్చున్నారో, ఎంతమంది పరీక్షకు తెమడ ఇచ్చారో, మందులు మానేసినవాళ్లలో ఎంతమంది మళ్లీ మొదలుపెట్టారో లెక్క చూపిస్తానని రాయి. ఆ లెక్కలో అంకెలే ఉండాలి. రోగుల పేర్లు, ఫొటోలు ఎవరడిగినా ఇవ్వొద్దు, డబ్బిచ్చినవాళ్లు అడిగినా సరే.

ఆదివారం వచ్చెయ్. కాగితం మళ్లీ రాద్దాం. పాత వోచరు పుస్తకాలు అటక మీంచి దింపి ఉంచుతాను.

మీ పెదనాన్న