ప్లగిన్ అడిగితే ఏం పెట్టాలి?

కంప్యూటర్, ట్యాబ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు రాసినవన్నీ ఇంచుమించు ఒకే బాధ: సైటు ప్లగిన్ అడుగుతోంది, ఎక్కించినా కదలడం లేదు. అసలు చిక్కు ఆ మాట దగ్గరే ఉంది. మూడు వేర్వేరు వాటిని మనం ప్లగిన్ అనేస్తున్నాం. ఫ్లాష్, జావా, యాక్టివ్‌ఎక్స్ అసలు సిసలు ప్లగిన్లు. వాటి కాలం చెల్లింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకు మనం చేర్చుకునేవి ఎక్స్‌టెన్షన్లు. మూడో రకం, బ్రౌజర్ బయట సిస్టమ్‌లో నడుస్తూ సైటుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్. మీ దగ్గర మొండికేసింది వీటిలో ఏదో ముందు తేల్చుకోండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ క్రోమ్‌లో పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్లు ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో అదే జీమెయిల్‌తో లాగిన్ అయినా కనిపించడం లేదు. 'డెస్క్‌టాప్ సైట్' టిక్ పెట్టి చూశాను. అయినా అంతే. – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కనిపించవు. మామూలు ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో వచ్చే క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లు నడిపే ఏర్పాటే లేదు. జీమెయిల్ ద్వారా బుక్‌మార్కులు, పాస్‌వర్డులు వస్తాయి కానీ ఇవి రావు. 'డెస్క్‌టాప్ సైట్' టిక్ చేసే పని ఒక్కటే: "నేను కంప్యూటర్ని" అని సైటుకి చెబుతుంది. సైటు పెద్ద తెర పేజీని పంపుతుంది. అంతకు మించి బ్రౌజర్‌కి కొత్త శక్తేమీ రాదు.

ట్యాబ్‌లో ఎక్స్‌టెన్షన్ కావాల్సిందే అంటే ఫైర్‌ఫాక్స్ వేసుకోండి. 2023 డిసెంబర్ నుంచి ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌కి ఎక్స్‌టెన్షన్ల తలుపు పూర్తిగా తెరిచారు. మెనూలో 'ఎక్స్‌టెన్షన్స్' నొక్కితే ఆండ్రాయిడ్‌లో పని చేసేవి కనిపిస్తాయి. ఐప్యాడ్ ఉన్నవాళ్లకు దారి వేరు. అక్కడ సఫారీలో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకోవచ్చు, వాటిని యాప్ స్టోర్ నుంచి యాప్‌లాగా దించుకోవాలి. 2021లో ఐప్యాడ్ ఓఎస్ 15తో ఈ సౌకర్యం వచ్చింది. దించుకున్నాక సెట్టింగ్స్‌లో (కొత్త ఐప్యాడ్ ఓఎస్‌లో 'యాప్స్' కింద) సఫారీ, అందులో ఎక్స్‌టెన్షన్స్‌కి వెళ్లి ఆన్ చేస్తేనే పని మొదలవుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ప్రశ్న: జీఎస్టీ పోర్టల్లో డీఎస్సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్)తో సంతకం చేయబోతే "ఫెయిల్డ్ టు ఎస్టాబ్లిష్ కనెక్షన్" అని ఎర్ర అక్షరాల్లో వస్తోంది. జావా కొత్తది వేశాను, క్రోమ్ తీసేసి మళ్లీ వేశాను. ఈ పని ట్యాబ్ నుంచి అయ్యే మార్గం ఉందా? – ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్, చిత్తూరు

జవాబు: జావాని వదిలేయండి. బ్రౌజర్ లోపల జావా నడిచే రోజులు ఎప్పుడో పోయాయి. క్రోమ్ 2015 సెప్టెంబర్‌లో ఆ పాత ప్లగిన్ల దారి మూసేసింది, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో మూసింది. 2018లో వచ్చిన జావా 11లో బ్రౌజర్ ప్లగినే లేదు.

ఇప్పుడు సంతకం చేసేది ఈఎంసైనర్. ఇది మొదట్లో చెప్పిన మూడో రకం, బ్రౌజర్ బయట నడిచేది. మీ సిస్టమ్‌లోనే 127.0.0.1 చిరునామాలో 1585 పోర్టు (తలుపు నంబరు లాంటిది) దగ్గర కాచుకుని ఉంటుంది. పోర్టల్ పేజీ అక్కడికొచ్చి తలుపు తడుతుంది. లోపలి నుంచి పలుకు రాకపోతే మీరు చూసిన ఎర్ర అక్షరాలు వస్తాయి. కాబట్టి ఈ వరుసలో చూడండి.

గడియారం పక్కనున్న గుర్తుల్లో ఈఎంసైనర్ ఉంటే రైట్ క్లిక్ చేసి ఎగ్జిట్ చేయండి. మళ్లీ 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో తెరవండి. తర్వాత బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో 127.0.0.1:1585 అని కొట్టండి. "సురక్షితం కాదు" అంటే 'అడ్వాన్స్‌డ్' నొక్కి ముందుకెళ్లండి. ఇది మీ సిస్టమ్ చిరునామానే కనుక ఇక్కడ భయం లేదు. వేరే సైట్ల దగ్గర మాత్రం ఈ అలవాటు వద్దు. ఆ తర్వాత పోర్టల్ నుంచి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కండి.

అయినా రాకపోతే క్రోమ్ అనుమతి చూడాలి. 2025 చివర్లో వచ్చిన క్రోమ్ 142 నుంచి, సైటు ఏదైనా మీ సిస్టమ్‌లోని లేదా ఇంటి నెట్‌వర్క్‌లోని వాటితో కలవబోతే ముందు మిమ్మల్ని అడుగుతుంది. తొందరలో 'బ్లాక్' నొక్కామంటే మళ్లీ అడగదు, సంతకమూ జరగదు. చిరునామాకు ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్‌ని 'అలౌ'కి మార్చి పేజీని రిఫ్రెష్ చేయండి. "నిన్నటిదాకా బాగానే ఉంది, ఏమీ మార్చలేదు" అనేవాళ్లు ముందు చూడాల్సింది దీన్నే.

ఇంకో మాట. ఒక పోర్టల్ కోసం వేసిన సంతకం సాఫ్ట్‌వేర్ ఇంకో పోర్టల్‌కి పనికొస్తుందనుకోవద్దు. ఆదాయపు పన్ను సైటుకి ఎంబ్రిడ్జ్ వేరే వేసుకోవాలి. రెండు సాఫ్ట్‌వేర్లు ఒకే పోర్టు కోసం పోటీ పడితే రెండోది లేవదు. వాడనిదాన్ని ఎగ్జిట్ చేయండి. సైనర్ తెరుచుకుని సర్టిఫికెట్ల జాబితా ఖాళీగా ఉంటే తప్పు బ్రౌజర్‌ది కాదు, టోకెన్ (సర్టిఫికెట్ ఉండే యూఎస్‌బీ పుల్ల) డ్రైవర్‌ది. అప్పుడు టోకెన్ కంపెనీ డ్రైవర్ మళ్లీ వేయండి. అంతేగానీ టోకెన్ సాఫ్ట్‌వేర్‌లోని 'ఇనిషియలైజ్' జోలికి పోకండి. అది నొక్కితే లోపలి సర్టిఫికెట్ చెరిగిపోతుంది, డబ్బు కట్టి కొత్తది తీసుకోవాలి.

ట్యాబ్ నుంచి టోకెన్ సంతకం అవ్వదు. ఓటీజీ కేబుల్ పెట్టినా అక్కడ ఈఎంసైనర్ లేదు. కంపెనీలు, ఎల్ఎల్‌పీలు కాని క్లయింట్లకు ఈవీసీ అనే ఎలక్ట్రానిక్ ధ్రువీకరణ ఉంది, ఓటీపీతో ట్యాబ్‌లోనే ఫైల్ చేయొచ్చు. ఆధార్ వేలిముద్ర యంత్రం ఓటీజీతో ట్యాబ్‌లో నడుస్తోంది కదా అంటారేమో. దాని ఆర్డీ సర్వీసు, అంటే వేలిముద్రను సైటుకి అందించే సాఫ్ట్‌వేర్, ఆండ్రాయిడ్ యాప్‌గా కూడా దొరుకుతుంది, అందుకే నడుస్తోంది. కంప్యూటర్లో అయితే అదీ ఇలాగే 11100 నుంచి 11120 లోపు పోర్టుల్లో కాచుకుంటుంది. వేలిముద్ర పడటం లేదని రాసిన కాణిపాకం పాఠకులూ క్రోమ్ అనుమతి ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: గాంధీ రోడ్డులోని మా షాపు సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) పేజీ తెరిస్తే "ప్లీజ్ ఇన్‌స్టాల్ ప్లగిన్" అంటుంది. ఇన్‌స్టాల్ చేశాక కూడా అదే మాట. ట్యాబ్‌లో నల్ల తెర. – ఒక వ్యాపారి, తిరుపతి

జవాబు: పాత డీవీఆర్‌లు అడిగేది యాక్టివ్‌ఎక్స్. అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ది. ఆ బ్రౌజర్‌కి 2022 జూన్ 15న సెలవిచ్చారు. క్రోమ్‌లో ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా క్రోమ్‌కి ఆ భాష రాదు. విండోస్‌లోని ఎడ్జ్ బ్రౌజర్‌లో ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్ ఒక్కటే మిగిలిన దారి. దాన్ని కనీసం 2029 దాకా ఉంచుతామని మైక్రోసాఫ్ట్ మాట.

ఎడ్జ్ సెట్టింగ్స్‌లో 'డిఫాల్ట్ బ్రౌజర్' తెరవండి. సైట్లను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్‌లో తెరవనివ్వాలా అన్నచోట 'అలౌ' పెట్టి ఎడ్జ్‌ని రీస్టార్ట్ చేయండి. ఇంతకుముందు మూడు చుక్కల మెనూలో ఐఈ మోడ్‌లో 'రీలోడ్' చేసే మీట ఉండేది. దొంగలు దాన్ని వాడుకుంటున్నారని 2025లో తీసేశారు. ఇప్పుడు అదే సెట్టింగ్స్ పేజీ కింద ఉన్న జాబితాలో డీవీఆర్ చిరునామాను మీరే చేర్చాలి. చిరునామా బార్‌లో ఉన్నది ఉన్నట్టు, హెచ్‌టీటీపీతో సహా కాపీ చేయండి. లాగిన్ అయ్యాక చిరునామా మారితే దాన్నీ చేర్చండి. చేర్చినది 30 రోజులే ఉంటుంది. నెల తిరిగాక మళ్లీ ప్లగిన్ అడిగితే కంగారు పడకుండా జాబితా చూసుకోండి.

తర్వాత విండోస్ సెర్చ్‌లో 'ఇంటర్నెట్ ఆప్షన్స్' అని కొట్టి తెరవండి. అందులో సెక్యూరిటీ, ట్రస్టెడ్ సైట్స్, సైట్స్ వరుసగా నొక్కండి. కింద హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి అన్న టిక్ తీసేసి, డీవీఆర్ చిరునామా, అంటే 192.168.1.64 లాంటిది, చేర్చండి. కస్టమ్ లెవెల్‌లో యాక్టివ్‌ఎక్స్ వరుసలను 'ప్రాంప్ట్'కి మార్చండి. ఈ మార్పు ట్రస్టెడ్ సైట్స్‌కి మాత్రమే. 'ఇంటర్నెట్' జోన్‌లో చేస్తే ప్రతి సైటుకీ ఇంటి తాళం చెవి ఇచ్చినట్టే. ప్లగిన్ ఫైలు దించాక ఎడ్జ్ కిటికీలన్నీ మూసి, అడ్మినిస్ట్రేటర్‌గా ఇన్‌స్టాల్ చేయండి. బ్రౌజర్ తెరిచి ఉండగా చేస్తే ఫైళ్లు సరిగ్గా కూర్చోవు, పేజీ మళ్లీ అదే పాట పాడుతుంది.

ట్యాబ్‌లో యాక్టివ్‌ఎక్స్ ఎప్పటికీ రాదు. డీవీఆర్ కంపెనీ యాప్ వాడండి. యాప్ లేకపోతే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ఆర్‌టీఎస్‌పీ చిరునామా (కెమెరా వీడియో నేరుగా వచ్చే చిరునామా) ఇవ్వొచ్చు; పోర్టు సాధారణంగా 554, మిగతా చిరునామా మోడల్‌ని బట్టి మాన్యువల్‌లో ఉంటుంది. ప్లగిన్ అక్కర్లేని కొత్త డీవీఆర్‌లో కూడా నల్ల తెర వస్తుంటే, ఆ కెమెరా ఎన్‌కోడింగ్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.265లో ఉందేమో చూడండి. సబ్ స్ట్రీమ్‌ను, అంటే చూడటానికి వచ్చే చిన్న వీడియోను, హెచ్.264కి మారిస్తే చాలాసార్లు బొమ్మ వస్తుంది. రికార్డింగ్ జరిగే మెయిన్ స్ట్రీమ్‌ను కదపొద్దు, డిస్క్ త్వరగా నిండిపోతుంది. ఇంటి నుంచి చూడాలని రౌటర్‌లో పోర్టు తెరిచి పెట్టమని ఎవరైనా చెబితే వినకండి.

ప్రశ్న: బడిలో పాత సైన్సు పాఠాల సీడీ ఉంది. అన్నీ ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైళ్లు. ఫ్లాష్ ప్లేయర్ ఎక్కడ దొరుకుతుంది? – ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

జవాబు: దొరికినా వేయకండి. అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌ని ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే పాఠాన్ని ఆడనివ్వదు. ఇప్పుడు "కొత్త ఫ్లాష్" అని కనిపించేవి వైరస్ మూటలనే అనుకోండి.

రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫ్లాష్‌ని అనుకరిస్తుంది. ఎక్స్‌టెన్షన్‌గా వేస్తే, దాని 'డీటెయిల్స్'లో ఫైళ్లను చదివే అనుమతి ఆన్ చేయాలి. లేకపోతే సిస్టమ్‌లోని ఫైలు తెరుచుకోదు. బడికైతే దాని విండోస్ ప్రోగ్రామే మేలు, ఫైలును దాని మీదికి లాగి వదిలితే చాలు. సీడీ మొత్తాన్ని ఫోల్డర్లు చెదరకుండా కాపీ చేయండి. ఒక పాఠం ఇంకో ఫైలును పిలుచుకుంటుంది, అది పక్కన లేకపోతే ఖాళీ తెర వస్తుంది. ఫ్లాష్ పాఠాలు రాసే భాష యాక్షన్‌స్క్రిప్ట్. దాని 1, 2లో రాసిన పాత పాఠాలు బాగా నడుస్తాయి, 3లో రాసినవి కొన్ని మొరాయిస్తాయి. సీడీలో ఈఎక్స్‌ఈ ఫైళ్లు ఉంటే ముందు వాటిని చూడండి. వాటిలో ప్లేయర్ లోపలే ఉండొచ్చు, అలాంటివి ఇప్పటికీ నడుస్తాయి. పిల్లల ట్యాబ్‌ల కోసమైతే, నొక్కే పని లేని పాఠాలను తెర రికార్డింగ్ చేసి ఎంపీ4గా ఇవ్వడం అన్నిటికన్నా సులువు.

ప్రశ్న: తిరుమల దర్శనం టికెట్ల బుకింగ్‌లో పేర్లు, ఆధార్ నంబర్లు వాటంతటవే నిండే ఎక్స్‌టెన్షన్ వేశాను. గడులు నిండినట్టు కనిపిస్తాయి, ముందుకెళ్లబోతే "వివరాలు నింపండి" అంటుంది. – ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ఇప్పటి పేజీలు గడిలో కనిపించే అక్షరాలను నమ్మవు, మీరు కీ నొక్కిన కబురు అందితేనే లెక్కలోకి తీసుకుంటాయి. నాసిరకం ఎక్స్‌టెన్షన్ అక్షరాలు పెడుతుంది, కబురు పంపదు. ఆ గడిలో ఒక అక్షరం చెరిపి మళ్లీ కొడితే తీసుకుంటుంది. కానీ ఆరుగురి వివరాలకు అలా చేసేకన్నా చేత్తో కొట్టడమే నయం.

మా సలహా అయితే తీసేయమనే. "అన్ని సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు" అన్న అనుమతి దానికి ఉందంటే, కుటుంబం మొత్తం ఆధార్ నంబర్లతో పాటు బ్యాంకు పేజీ కూడా దాని కళ్లముందే ఉన్నట్టు. దానికి బదులు వివరాలను ముందే ఒకటొకటిగా కాపీ చేసి పెట్టుకోండి. విండోస్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేస్తే విండోస్ కీ, వీ కలిపి నొక్కినప్పుడు 25 దాకా వస్తాయి. ట్యాబ్‌లో జీబోర్డ్ క్లిప్‌బోర్డ్ అదే పని చేస్తుంది. పిన్ చేయనివి గంటలో పోతాయి. బుకింగ్ అయ్యాక రెండుచోట్లా చెరిపేయండి.

ప్రశ్న: మా అమ్మాయి కెనడా స్టడీ పర్మిట్ ఫారం తెరిస్తే "ప్లీజ్ వెయిట్" అని ఒక్క పేజీ వస్తోంది. గంట ఆగినా అంతే. – ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: రోజంతా ఆగినా అంతే. అది ఎక్స్‌ఎఫ్‌ఏ అనే రకం పీడీఎఫ్. క్రోమ్‌లో ఉన్న పీడీఎఫ్ వ్యూయర్‌కి, ట్యాబ్ యాప్‌లకి, అడోబీ వాళ్ల మొబైల్ యాప్‌కి కూడా అది రాదు. కంప్యూటర్లో లింకు మీద రైట్ క్లిక్ చేసి ఫైలు సేవ్ చేసుకోండి. అడోబీ రీడర్ వేసి, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ విత్'తో దానిలోనే తెరవండి. నింపాక 'వ్యాలిడేట్' నొక్కి సేవ్ చేయండి. ఆ ఫైలును వాట్సాప్‌లో ఫోనుకి పంపి చూస్తే మళ్లీ "ప్లీజ్ వెయిట్" అనే కనిపిస్తుంది. ఫైలు పాడైందని మళ్లీ మొదలు పెట్టకండి.

ప్రశ్న: ఇరవై ఏళ్ల కిందట దాచుకున్న తెలుగు పత్రికల వెబ్ పేజీలు ఇప్పుడు తెరిస్తే పిచ్చి గీతల్లా ఉన్నాయి. – ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఆ పేజీల్లో తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్ మీద తెలుగు బొమ్మలు తొడిగిన ఫాంట్లు ఉన్నాయి. ఆ ఫాంటును ఈఓటీ (పేజీతో పాటు వచ్చే ఫాంటు ఫైలు) రూపంలో పంపితే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే చూపించేది. ఫైర్‌ఫాక్స్ వాళ్లకు పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వాటిని యూనికోడ్‌లోకి మార్చేది. 2017 నవంబర్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 ఆ కాలపు ఎక్స్‌టెన్షన్ల పద్ధతినే ఎత్తేసింది. ఇప్పుడు పేజీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, 'ఫాంట్ ఫేస్' అన్నచోట ఉన్న పేరు చూడండి. ఆ పేరున్న టీటీఎఫ్ ఫాంటు సిస్టమ్‌లో వేస్తే ఏ బ్రౌజర్‌లోనైనా చదవొచ్చు. ట్యాబ్‌లో ఫాంట్లు వేయడం గోల. కంప్యూటర్లో సరిగ్గా కనిపించాక పీడీఎఫ్‌గా ప్రింట్ చేసి పంపుకోండి.

ప్రశ్న: విండోస్ 7 సిస్టమ్. ఏ ఎక్స్‌టెన్షన్ వేయబోయినా కొత్త క్రోమ్ కావాలంటోంది. – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: విండోస్ 7కి క్రోమ్ 109తోనే సరి, 2023 తర్వాత కొత్తది రాలేదు. ప్రస్తుతానికి ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వేసి చూడండి. అందులోనూ బ్యాంకు పనులు మాత్రం పెట్టుకోకండి.