సిన్సినాటీ కిడ్స్ ఒక్క సీజన్‌తోనే ఎందుకు ఆగిపోయింది?

"సిన్సినాటీలో ఒకప్పుడు ప్రొఫెషనల్ ఇండోర్ సాకర్ జట్టు ఉండేదట, నిజమేనా? మరి ఏమైంది?" అని అడిగారు. నిజమే. అమెరికాలోని ఈ ఊరి జట్టు పేరు సిన్సినాటీ కిడ్స్. 1978-79లో ఒక్క సీజన్ ఆడింది. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చాక చలికాలం సాయంత్రాలు నేనూ ఇండోర్ సాకర్ ఆడుతున్నాను. మా జట్టులో ఒక పెద్దాయన కుర్రతనంలో కిడ్స్ మ్యాచ్‌లు చూశారు. ఆయన మాటలు విన్నాకే నేను ఈ జట్టు గురించి వెతికి చదివాను.

ముందు ఆట సంగతి. ఇది హాల్లో ఆడే ఫుట్‌బాల్. ఐస్ హాకీ రింక్ మీద కృత్రిమ గడ్డి పరుస్తారు. చుట్టూ ఉన్న గోడలు అలాగే ఉంటాయి. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో జట్టుకు ఆరుగురు. గోడకు తగిలి వెనక్కొచ్చిన బంతితో ఆట సాగుతూనే ఉంటుంది. పెద్ద ఫౌల్ చేస్తే హాకీలోలా కాసేపు పక్కన కూర్చోవాలి. ఊపిరి తీసుకునే సందే దొరకదు. ఆటగాళ్లను అంత తరచుగా ఎందుకు మారుస్తారో బరిలోకి దిగితేనే అర్థమవుతుంది.

ఎర్ల్ ఫోర్మన్, ఎడ్ టెపర్ కలిసి, కిడ్స్ ఆడిన మేజర్ ఇండోర్ సాకర్ లీగ్‌ను ఆరు జట్లతో మొదలుపెట్టారు. 1978 డిసెంబర్ 22న న్యూయార్క్ దగ్గరి నాసావ్ కొలీజియంలో తొలి మ్యాచ్. పదివేల మందికి పైగా వచ్చారు. న్యూయార్క్ ఆరోస్ 7-2తో కిడ్స్‌ను ఓడించింది. ఆ రాత్రి తొలి బంతిని తన్నింది బేస్‌బాల్ హీరో పీట్ రోజ్. కిడ్స్ యజమానుల్లో అతనూ ఒకడు.

నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. రోజ్ ఈ ఊళ్లోనే పుట్టాడు, ఇక్కడి బేస్‌బాల్ జట్టు రెడ్స్‌కు ప్రాణం. కానీ సరిగ్గా ఆ డిసెంబర్‌లోనే రెడ్స్‌ను వదిలి ఫిలడెల్ఫియా ఫిలీస్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఎవరి పేరు చూసి జనం టికెట్ కొనాలో ఆ మనిషే ఊరు మారిపోయాడు! పైగా కిడ్స్ సొంత హాలైన రివర్‌ఫ్రంట్ కొలీజియంలో అప్పటికే స్టింగర్స్ అనే హాకీ జట్టు ఉంది. 1979లో అదీ మూతపడింది. చలికాలంలో జనాన్ని హాలుకు రప్పించడం అంత తేలిక కాదన్నమాట.

అదే లీగ్‌లో మరుసటి సీజన్‌కు సెయింట్ లూయిస్ స్టీమర్స్ వచ్చింది. అక్కడ హాలు కిటకిటలాడింది. ఆ ఊరి వీధుల్లో ఆడి పెరిగిన కుర్రాళ్లే జట్టులో ఉన్నారు మరి. వాళ్లలో టై కియో అంతకుముందు కిడ్స్‌కు ఆడినవాడే. 1950 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌ను ఓడించిన అమెరికా జట్టు సభ్యుడు హ్యారీ కియో కొడుకు. అలాంటి ఆటగాడు మనకుండి కూడా జట్టు నిలబడలేదంటే బాధగా ఉంటుంది.

సిన్సినాటీకి సాకరంటే ఇష్టం లేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. 2016లో బరిలోకి దిగిన మైదానపు సాకర్ జట్టు ఎఫ్‌సీ సిన్సినాటీ కింది స్థాయి లీగ్‌లో ఉండగానే ఇరవై వేలకు మించి జనం వచ్చిన మ్యాచ్‌లున్నాయి. కిడ్స్‌కు దొరకనిది అభిమానం కాదు, రెండో సంవత్సరం.

ఇంకా తెలుసుకోవాలంటే ఆ చలికాలపు స్థానిక పత్రికల క్రీడా పేజీలు చూడండి, 1978 డిసెంబర్ నుంచి మొదలుపెట్టి.