మూడు కీలు నొక్కితే నాలుగోది కూడా పడుతోంది!

ప్రశ్న: ప్రో మైక్రో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో 12 కీల మాక్రో ప్యాడ్ (షార్ట్‌కట్‌ల కోసం వాడే చిన్న కీబోర్డు) చేసుకున్నాను. పీసీబీ (ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు) లేదు, 3 అడ్డ వరుసలు, 4 నిలువు వరుసలుగా వైర్లతోనే కలిపాను. డయోడ్లు పెట్టలేదు. ఒక్కో కీ విడిగా నొక్కితే బాగానే ఉంది. మూడు కలిపి నొక్కితే మాత్రం నొక్కని నాలుగోది కూడా పడుతోంది. ఇంకో కీ ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది, ఒక్కోసారి అసలు పడదు. ఫర్మ్‌వేర్ (బోర్డులో ఎక్కించే ప్రోగ్రామ్) క్యూఎంకే. తప్పెక్కడ?

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. మొదటిది డయోడ్లు లేకపోవడం వల్ల వచ్చింది. మీరు నొక్కిన మూడు కీలు ఒక చతురస్రానికి మూడు మూలల్లో ఉంటే, కరెంటు ఆ మూడింటి గుండా చుట్టూ తిరిగి నాలుగో మూల ఉన్న నిలువు వరుసకు చేరుతుంది. బోర్డుకు తేడా తెలియదు, అక్కడా కీ పడిందనుకుంటుంది. డయోడ్ ఉంటే కరెంటు వెనక్కి ప్రవహించదు కాబట్టి ఆ దారి మూసుకుపోతుంది.

అయితే మీ ప్యాడ్‌కి మ్యాట్రిక్సే (కీలను ఇలా అడ్డ, నిలువు వరుసలుగా కలపడం) అక్కర్లేదు. ప్రో మైక్రో అంచుల్లో వాడుకోదగ్గ పిన్నులు 18 ఉంటాయి, మీకు కావాల్సినవి 12. ప్రతి స్విచ్‌లో ఒక కాలును గ్రౌండ్‌కి, రెండో కాలును దానికంటూ ఒక పిన్నుకి కలపండి. కాన్ఫిగరేషన్‌లో వరుసల పిన్నులకు బదులు 'డైరెక్ట్' పిన్నులు రాయండి. డయోడ్లు లేకుండానే ఈ గోల పోతుంది. కొత్తగా చేసేవాళ్లకు 12 కీల వరకు నేను చెప్పేది ఇదే.

ముందుముందు కీలు పెంచాలనుకుంటే మ్యాట్రిక్సే ఉంచి, కీకి ఒకటి చొప్పున 12 డయోడ్లు, 1ఎన్4148 రకం, పెట్టండి. గాజు ఒంటి మీద నల్ల గీత ఉన్న కాలు అడ్డ వరుస వైపు, రెండోది స్విచ్ వైపు. క్యూఎంకేలో దీన్నే 'కాల్2రో' (నిలువు వరుస నుంచి అడ్డ వరుసకి) అంటారు. ఒక్క డయోడ్ తిరగబడితే ఆ కీ ఒక్కటే పనిచేయదు. అన్నీ తిరగబడితే ఏ కీ పనిచేయదు, అప్పుడు మళ్లీ సోల్డర్ చేయక్కర్లేదు, సెట్టింగ్‌ని 'రో2కాల్' చేస్తే చాలు. డయోడ్ కాలును స్విచ్ పిన్ను చుట్టూ ఒక చుట్టు చుట్టి సోల్డర్ చేయండి. నల్ల గీత వైపు కాళ్లను వంచి ఒకదానికొకటి కలిపితే అదే అడ్డ వరుస వైరు అవుతుంది. నిలువు వైర్లకు మాత్రం తొడుగు తప్పనిసరి, అవి ఆ అడ్డ వరుస వైరు మీదుగానే దాటాలి. బోర్డుకి కలపకముందే మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ నిలువు వరుసకి, నల్లది అడ్డ వరుసకి ఆనించి కీ నొక్కండి. 0.6 వోల్టుల దగ్గర చూపించాలి. ప్రోబ్‌లు మారిస్తే ఏమీ చూపకూడదు.

ఇక రెండుసార్లు పడే కీ. ఎక్కువసార్లు ఇది సోల్డర్ సరిగా అంటకపోవడమే. లెన్సుతో చూడండి: మంచి జాయింట్ పిన్ను మొదట్లోంచి నున్నగా పైకి పాకినట్టుంటుంది. చెడ్డది బొట్టులా పిన్ను మీద కూర్చుని, చుట్టూ సన్నని సందు కనిపిస్తుంది. సోల్డర్ కరిగినా పిన్ను వేడెక్కకపోతే ఇలా అవుతుంది. కొంచెం ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటడానికి వాడే పదార్థం) రాసి, 350 డిగ్రీల ఐరన్ మొనను పిన్నుకీ వైరుకీ ఒకేసారి ఆనించి, 2–3 సెకన్లలో కాస్త కొత్త సోల్డర్ ఇచ్చి తీసేయండి. అంతకన్నా ఎక్కువసేపు పెడితే స్విచ్ ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను కదులుతుంది. చల్లారేదాకా వైరు కదపకండి. ఇంత చేసినా రెండుసార్లు పడుతుంటేనే డిబౌన్స్‌ని (ఒక నొక్కుడు రెండుగా లెక్కపడకుండా ఆగే సమయం) 5 మిల్లీసెకన్ల నుంచి 10కి పెంచండి. అప్పటికీ తగ్గకపోతే స్విచ్ మార్చేయండి.

ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించడానికి రీసెట్ పిన్నును గ్రౌండ్‌కి వెంటవెంటనే రెండుసార్లు తాకించండి. బూట్‌లోడర్ (కొత్త ఫర్మ్‌వేర్ తీసుకునే స్థితి) దాదాపు 8 సెకన్లే ఉంటుంది కాబట్టి ఫ్లాష్ ఆదేశం ముందే సిద్ధంగా ఉంచుకోండి. ప్రో మైక్రోలో మైక్రో యూఎస్‌బీ పోర్టు ఊడిపోవడం మామూలే. పక్కలకు హాట్ గ్లూ పెట్టండి, పోర్టు లోపలికి పోనివ్వకండి.

ప్రశ్న: మాక్రో ప్యాడ్‌కి రోటరీ ఎన్‌కోడర్ (తిప్పే నాబ్) పెట్టాను. కుడికి తిప్పితే వాల్యూమ్ తగ్గుతోంది, పైగా రెండు క్లిక్‌లకి ఒక మెట్టే కదులుతోంది.

జవాబు: మూడు కాళ్లున్న వైపు మధ్యది గ్రౌండ్. దాని అటూ ఇటూ ఉన్న రెండు వైర్లను మార్చేస్తే దిశ సరిపోతుంది. సోల్డర్ తీయడం ఇష్టం లేకపోతే కాన్ఫిగరేషన్‌లోనే ఆ రెండు పిన్నుల పేర్లు తారుమారు చేయండి. క్లిక్‌ల సంగతికి ఎన్‌కోడర్ రిజల్యూషన్‌ను (ఒక మెట్టుకి లెక్కించే పల్సుల సంఖ్య) 4 నుంచి 2కి తగ్గించండి. రెండు కాళ్లున్న వైపు నొక్కుడు స్విచ్ ఉంటుంది, దాన్ని మామూలు కీలాగే కలపొచ్చు.