నిమోనియా తగ్గినాక లేవలేని నాయనకు రిహాబ్ పనికొస్తుందా? – సమాధానం

అన్నా, నిమోనియా తగ్గినా నాయన మంచం దిగలేకున్నాడు, 76 ఏళ్ల మనిషిని రిహాబ్‌లో, అంటే కసరత్తులతో మళ్లీ లేచి తిరిగేలా చేసే చోట, చేర్చితే ఏమన్నా ఒరుగుతుందా, ప్రొద్దుటూరు ఇంటికే తీసుకుపోదామా అని అడిగినారు. వయసు చూసి ఆశ వదులుకోవద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులు మంచంమీదే ఉంచి చూస్తేనే కాళ్లలో దాదాపు కిలో కండ కరిగింది. ఇంక జబ్బుపడిన మనిషి సంగతి చెప్పాలా! పక్షవాతం లాంటిదేమీ లేదని డాక్టరు తేల్చితే, ఈ నీరసం చాలావరకు పోగొట్టుకోగలిగిందే.

చేర్చేముందు, ఎంత మెరుగైందో దేంతో కొలుస్తారని అడగండి. ఎఫ్‌ఐఎమ్ అని ఒక కొలత ఉంది. తినడం, స్నానం, మెట్లెక్కడం లాంటి 18 పనులకు ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. చేరిననాటివి, వారం తర్వాతవి పక్కపక్కన పెట్టి చూపించమనండి. పడుకోబెట్టి కాళ్లు ఆడించి పంపే చోటైతే డబ్బు దండగ, మొహమాటం లేకుండా చెప్తున్నా. కుర్చీలోంచి లేవడం నేర్పాలి: అంచుకు జరిగి, పాదాలు మోకాళ్ల కిందికి లాక్కుని, ఒళ్లు ముందుకు వంచి లేవాలి. మీరూ పక్కనుండి నేర్చుకోండి.

సంగటి, చారుతో కండ రాదు. కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి: గుడ్లు, పప్పు, పెరుగు, కోడికూర. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరును అడిగే పెట్టండి.

ఇలాంటి పెద్దవాళ్లు మళ్లీ ఆసుపత్రి పాలవడం ఎక్కువ. ఆయాసం, మత్తు, పొంతనలేని మాటలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే తీసుకుపోండి.