తాత అంగి, పాము కుబుసం

తమ్ముడూ,

నీ కథ నిన్న రాత్రే చదివాను. తాత బాగా కుదిరాడు. ఒక్కచోటే ఆగిపోయాను. సిద్దిపేట బస్సులో వచ్చి సికింద్రాబాద్ బస్టాండు జేబీఎస్‌లో దిగినాయన "కుప్పసం గుండీలు సర్దుకున్నాడు" అని రాశావు. ఆయన్నే అడుగు, ఒంటి మీదున్నది అంగి అంటాడు. మనవడు షర్ట్ అంటాడు, కోస్తా నుంచి వచ్చిన పక్కింటాయన చొక్కా అంటాడు. "కుప్పసం" అని పలికే మనిషి జేబీఎస్ మొత్తం వెతికినా దొరకడు.

నీ వయసులో నేనూ ఇదే పని చేశాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత నిఘంటువులో ఆ మాట కనిపించింది, ఆశ ఆగక కథలో దూర్చాను. చదివి వినిపిస్తే మా అమ్మ, "కుబుసమా? ఏ పాముదిరా?" అంది. పరువు పోయింది.

కానీ అమ్మ చెవి సరిగ్గానే పట్టింది. సంస్కృతంలో కూర్పాసం అంటే రవికలాంటి తొడుగు. అదే మన నోట్లో నలిగి కుప్పసం, కుబుసం అయింది. కన్నడంలో కుప్పస అంటే ఇప్పటికీ రవికే. మన వాడుకలో మాత్రం బట్ట పోయింది, పాము మిగిలింది. పాము కూడా తొడుక్కున్నది విప్పి పారేసి పోతుందని ఎవరికి తట్టిందో గానీ, వాడే అసలు కవి! సంస్కృతంలో కంచుకమూ అంతే, ఒంటి తొడుగూ అదే, పాము పొరా అదే. నాటకాల్లో అంతఃపురం కాచే ముసలి కంచుకికి ఆ పేరు తొడుగు వల్లే వచ్చింది.

అంగిలో ఉన్నది అంగమే, అంటే ఒళ్లు. పాతబస్తీ దర్జీ నోట వినిపించే కమీజ్‌కి అరబ్బీ ఖమీస్‌తో, అటు లాటిన్ కమీసియాతో చుట్టరికం. బనియన్ మరీ తమాషా. మన బనియాల, అంటే వర్తకుల పేరు ఇంగ్లీషులోకి వెళ్లి, బట్టయి తిరిగొచ్చింది.

ఇవన్నీ నీ నోట్‌బుక్‌లో ఉండనీ. గుండీల దగ్గర అంగి అనే రాయి. చివర్లో తాత చెమటకు తడిసిన అంగి విప్పి దండెం మీద వేస్తాడే, అక్కడ "కుబుసంలా వేలాడింది" అను. అర్థం విప్పి చెప్పకు.

అన్నట్టు, రెండో పేజీలో ఊడిపోయిన గుండీ ఐదో పేజీలో మళ్లీ వచ్చింది. ఎవరు కుట్టారు?

మీ అన్న